పదిహేను సెకన్లు

మా నాన్న ఫోను చేస్తే ముందు నా పురుగుల క్షేమం అడిగి, ఆ తర్వాత నా క్షేమం అడుగుతారు. తప్పు లేదు. నా జీతం వాటి క్షేమం మీదే నడుస్తోంది మరి.

ఎనిమిదేళ్లుగా హైదరాబాదు శివార్లలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. పురుగుమందులు, రంగులు, మందుల తయారీలో వాడే రసాయనాలు మా దగ్గరికి చిన్న సీసాల్లో, పైన కోడ్ నంబరుతో వస్తాయి. వాటిని నీళ్లలో రకరకాల మోతాదుల్లో కలిపి, ఆ నీళ్లలో డాఫ్నియా అనే నీటి పురుగు పిల్లలను వదిలి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి ఎన్ని ఈదుతున్నాయో చూసి రాయడం నా పని. ఈ పరీక్ష ఎలా చేయాలో చెప్పడానికి ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ పెట్టిన 202వ నంబరు మార్గదర్శకం ఉంది, 2004లో సవరించినది. నాకు దాదాపు కంఠస్థం. ఇక్కడ ఆ పద్ధతిలో, తగిన పర్యవేక్షణ కింద చేసిన పరీక్షను జర్మనీలోనో జపాన్‌లోనో మళ్లీ చేయమని అడగకూడదన్న ఒప్పందంలో మన దేశం 2011లో పూర్తిగా చేరింది. మాలాంటి ప్రయోగశాలలకు చేతినిండా పని ఉండడానికి అదొక కారణం.

డాఫ్నియా అంటే రొయ్యకు దూరపు చుట్టం. అప్పుడే పుట్టిన పిల్ల మిల్లీమీటరు కూడా ఉండదు. ఒళ్లంతా అద్దంలా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే ఒకే ఒక నల్ల కన్ను, వీపు దగ్గర టపటపా కొట్టుకునే గుండె, పేగులో పచ్చగా నిన్నటి నాచు భోజనం అన్నీ కనిపిస్తాయి. తల పక్కనున్న రెండు కొమ్మల్లాంటి స్పర్శకాలతో నీళ్లను కొడుతూ గెంతుతున్నట్టు ఈదుతుంది. మొదటి నెలలో ఆ వీడియో నాన్నకు పంపితే వెంటనే పోల్చుకున్నారు. "ఇవి మన చెరువులో ఉండేవే కదమ్మా, బొచ్చెలు తినేవి" అన్నారు. మాది ఆకివీడు వైపు. చేపల చెరువు ఉన్నవాడికి నీటి రంగు చూడడం, నీళ్లలో ప్లవకాలు, అంటే తేలే చిన్న జీవులు, ఉన్నాయో లేదో చూడడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆయన చెప్పింది దాదాపు నిజమే. మన చెరువుల్లో ఉండేవి డాఫ్నియాకు దగ్గరి చుట్టాలైన మొయినాలు, ఇంకా డాఫ్నియాలోనే వేరే జాతులు. నా దగ్గర ఉన్నది డాఫ్నియా మాగ్నా. చల్లని దేశాల మనిషి.

మనిషి అన్నాను, అలవాటైపోయింది.

ఈ చల్లని దేశాల మనిషికి 18 నుంచి 22 డిగ్రీల మధ్య గది కావాలి. పరీక్ష జరిగినంతసేపూ అటూ ఇటూ ఒక డిగ్రీ కన్నా తేడా రాకూడదు. బయట మే నెలలో 43 డిగ్రీలు ఉంటే మేము లోపల స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటాం. కరెంటు పోతే మా గుండె వాటి గుండె కన్నా వేగంగా కొట్టుకుంటుంది. జనరేటర్ శబ్దం వినపడేదాకా ఎవరూ తలుపు తెరవకూడదని మా గదిలో ఒక చట్టం.

ఇంకో సంగతి, మా తొట్లలో అన్నీ ఆడవే. తిండి సమృద్ధిగా ఉండి, ఇరుకు లేకపోతే తల్లులు మగతోడు లేకుండానే ఆడపిల్లలను కంటూ పోతాయి. మగవి కనిపించాయంటే, లేదా తల్లి వీపు మీద గుర్రపు జీనులాంటి నల్లటి గుడ్ల సంచి కనిపించిందంటే ఎక్కడో కష్టం మొదలైందన్నమాట. అలాంటి తొట్టి నుంచి పరీక్షకు పిల్లలను తీసుకోకూడదు. తొలి కాన్పు పిల్లలూ పనికిరావు.

పరీక్ష ముందురోజు సాయంత్రం కడుపుతో ఉన్న తల్లులను వేరు చేస్తాం. పొద్దున్నకు ఈనిన పిల్లల వయసు 24 గంటల లోపే ఉంటుందని అప్పుడు ధైర్యంగా రాయగలం. కనీసం ఐదు మోతాదులు, మందు లేని కంట్రోల్ ఒకటి. ఒక్కో దానికి 20 పిల్లలు, నాలుగు బీకర్లలో ఐదేసి చొప్పున. మోతాదుకూ మోతాదుకూ మధ్య 2.2 రెట్లకు మించి తేడా లేకుండా చూసుకుంటాం. పిల్లను గాజు పిపెట్‌లోకి పీల్చి, దాని కొసను నీళ్లలో ముంచి వదలాలి. పైనుంచి చుక్కలా వదిలితే దాని పెంకు కింద గాలి చిక్కుకుని, నీటి మీద తేలిపోయి, ఇక మునగలేదు. కొత్తగా చేరినవాళ్లు మొదటివారం చేసే పాపం ఇదే. నేనూ చేశాను.

ఆ రెండు రోజులూ వాటికి తిండి ఉండదు. గాలి బుడగలు పంపడం కూడా ఉండదు. పుట్టీపుట్టగానే కటిక ఉపవాసం.

48 గంటల పరీక్ష గురువారం మొదలుపెట్టే బుద్ధిహీనులు కొందరు ఉంటారు. శనివారం వచ్చి లెక్కపెట్టేది మాత్రం నేను. అది వేరే కథ.

లెక్క దగ్గరికి వస్తాను. మార్గదర్శకంలో చావు అన్న మాట మీద లెక్క లేదు. అంత చిన్న ప్రాణి చచ్చిందా బతికుందా అని తేల్చడం కష్టం. అందుకే వేరే కొలమానం పెట్టారు: బీకరును మెల్లగా కదపాలి, పదిహేను సెకన్లు చూడాలి, ఆలోపు ఈదలేకపోతే దాన్ని కదల్లేనిదిగా రాయాలి. స్పర్శకాలు కొద్దిగా ఆడుతున్నా సరే, ఈదలేకపోతే లెక్కలో పడిపోయినట్టే. సగం పిల్లలను ఇలా పడగొట్టే గాఢతే ఈసీ50. పెద్ద పెద్ద నివేదికల్లో, డబ్బాల మీది చచ్చిన చేప బొమ్మ వెనకాల ఉండే అంకె ఇలా పుడుతుంది: ఒక మనిషి వంగి, బీకరు తట్టి, మనసులో పదిహేను దాకా లెక్కపెట్టడం వల్ల. కంప్యూటర్ ఆ తర్వాత వస్తుంది.

చేరిన రెండో ఏడు ఒక పరీక్ష 48వ గంట. నివేదిక పంపాల్సిన గడువు దగ్గరపడింది. కంట్రోల్ బీకర్లలో రెండు పిల్లలు అడుగున పడి ఉన్నాయి. ఇరవైలో రెండంటే పది శాతం, అంతవరకు అనుమతి ఉంది. మూడోది కూడా పడితే పరీక్ష మొత్తం చెల్లదు. ఆ మూడోది అడుగున పక్కకు ఒరిగి, ఒక స్పర్శకం మాత్రం ఆడిస్తోంది. తట్టాను. పదిహేను లెక్కపెట్టాను. లేవలేదు. మళ్లీ తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మందు ఎక్కువున్న బీకరులో అదే వణుకు కనిపించి ఉంటే ఒక్క క్షణం కూడా ఆలోచించేదాన్ని కాదు, పడిపోయిందని రాసి పక్క బీకరుకు వెళ్లేదాన్ని. కంట్రోల్ కాబట్టి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మూడు అని రాశాను. మా పుస్తకంలో చెరపడం ఉండదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన కారణం, సంతకం, తేదీ వేయాలి. ఆ గీత కొట్టే అవకాశం నాకు నేను ఇవ్వకూడదని వెంటనే సంతకం పెట్టేశాను. పైవాళ్లు ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. తర్వాత, ఆ పరీక్ష బీకర్లతో పాటే కడిగిన వేరే బీకర్లలో ఉత్త నీళ్లు పోసి పిల్లలను వదిలితే అవీ పడిపోయాయి. సబ్బు సరిగ్గా పోలేదు. మన చేతికి తెలియని సబ్బు డాఫ్నియాకు తెలుస్తుంది.

తొట్టి మీదే అనుమానం వస్తే పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనం పెట్టి చూస్తాం. పసుపుపచ్చటి నీళ్లు. 24 గంటల ఈసీ50 లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలి. వస్తే మా పిల్లలు మామూలుగానే ఉన్నాయని నమ్మకం. ఆ సంఘటన తర్వాత నేను అడిగి చేయించుకున్న మార్పు ఒక్కటే. బీకర్ల మీద మోతాదు కాకుండా ఉత్త అంకెలు వేయమన్నాను, ఏది కంట్రోలో నా కంటికి తెలియకుండా.

ఇంత జాగ్రత్తగా కొలిచిన అంకె కూడా కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. వరిలో దోమపోటుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్‌నే తీసుకోండి. డాఫ్నియా మాగ్నాకు దాని ఈసీ50 లీటరుకు 85 మిల్లీగ్రాములు. అది చూసి నీటి జీవులకు పెద్ద ప్రమాదం లేదని ఎవరైనా అనుకుంటారు. అదే మందు చిరోనమస్ అనే కుట్టని దోమ లార్వా మీద పెడితే అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. కీటకాల నరాల మీద పనిచేసే మందును రొయ్య చుట్టం మీద మాత్రమే పరీక్షిస్తే వచ్చే చిక్కు ఇది. చిరోనమస్‌తో 48 గంటల పరీక్షకు విడిగా మార్గదర్శకం, 235వ నంబరు, 2011లో గానీ రాలేదు. ఆ లార్వాలను పెంచడం డాఫ్నియాను పెంచడం కన్నా చికాకు. ఎగిరే తల్లులకు వల కట్టిన గూళ్లు కావాలి, ఒకటి తప్పించుకున్నా గది అంతా వెతుక్కోవాలి. అయినా ఆ పరీక్ష చేయమని ఎవరైనా అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే చెరువులో చేపలకు పేను పట్టింది. నాన్న మందు డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టారు. సైపర్‌మెత్రిన్. డబ్బా తిప్పి చూపించి, "ఎర్ర త్రికోణం కాదులేమ్మా" అన్నారు, నా మొహం చూసి. ఆ త్రికోణం రంగు ఎలుకల్లాంటి జంతువులు ఎంత మందుకు చస్తాయన్న దాన్ని బట్టి వేస్తారని, అది కొట్టేవాడి కోసమే గానీ చెరువు కోసం కాదని చెప్పాను. ఈ మందు ఈసీ50 డాఫ్నియాకు లీటరుకు ఒక మైక్రోగ్రాము లోపే. ఎకరం చెరువులో ఒకటిన్నర మీటరు నీళ్లుంటే సుమారు అరవై లక్షల లీటర్లు. అంటే అసలు మందు ఆరు గ్రాములు కలిస్తే ఆ గాఢత వచ్చేస్తుంది. బురదకు అంటుకుని కొంత తగ్గుతుంది, అది వేరే సంగతి.

"పేను కూడా మీ పురుగు జాతేనా?" అని అడిగారు.

అవునన్నాను. అదీ రొయ్య చుట్టమే.

"అయితే పేను చావాలంటే దాని బంధువులూ పోవాల్సిందే."

గాజు గ్లాసుతో చెరువు నీళ్లు ముంచి ఎండకు పట్టి చూపించాను. తెల్లటి నలకలు పైకీ కిందికీ గెంతుతున్నాయి. ఆయన కాసేపు చూసి, గ్లాసు గట్టు మీద పెట్టి, డబ్బా తీసుకుని పడవ వైపు వెళ్లారు. ఒళ్లు గోక్కుంటూ గట్టుకు రాసుకునే చేపలు నా లెక్కల కోసం ఆగవు. నేనూ ఆపలేదు.

నేను హైదరాబాదు వచ్చిన మూడో రోజు పొద్దున్నే ఫోను.

"నువ్వు చూపించినట్టే గ్లాసులో ముంచి చూశానమ్మా. ఒక్కటీ గెంతలేదు."

"ఎన్ని సెకన్లు చూశారు నాన్నా?"

"సెకన్లేమిటి? చేతిలో టీ చల్లారిపోయేదాకా చూశాను."