బొమ్మలాట ఫ్రీగా ఆడతారా అని అడిగేవాళ్లకు

మాది ఎనిమిది మంది కలిసి నడుపుకునే చిన్న సంఘం. టీచర్లు ఇద్దరు, బ్యాంకులో చేసేవాళ్లు ఒకరు, మిగతా అంతా నాలాగా సెలవు దొరికితే బండెక్కేవాళ్లమే. పల్లెటూరి స్కూళ్లకు కళాకారుల్ని తీసుకెళ్తాం, పగలు పిల్లలకి, చీకటి పడ్డాక ఊరందరికీ. జీతాలు లేవు, పెట్రోలు కూడా ఎవరిది వాళ్లదే.

ఈసారి తోలుబొమ్మలాట పెట్టాం. కళాకారులు నిమ్మలకుంట వాళ్లు. ధర్మవరం అంటే అందరికీ పట్టుచీరలు గుర్తొస్తాయి, ఆ మండలంలోనే ఉన్న ఈ ఊళ్లో తరతరాలుగా బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. 2020లో పద్మశ్రీ వచ్చిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే. ఆటలు తగ్గిపోయాక ఇప్పుడు అదే తోలుతో లాంతర్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు.

పగలు పిల్లలకు ఆట చూపించలేదు, చేతికి పని ఇచ్చాం. గీకి ఎండబెట్టిన మేకతోలు ముక్క, చిన్న ఉలి, సుత్తి. ఏడో తరగతి పాప ఒకతి సీతమ్మ మెడలో హారం గీసి, దాని మీద వరసగా చిల్లులు పొడిచింది. బల్ల మీద ఉన్నంతసేపూ అవి వట్టి చిల్లులే. కళాకారుల్లో పెద్దాయన దాన్ని బల్బు ముందు పట్టుకోగానే ఒక్కో చిల్లులోంచి వెలుతురు వచ్చి హారం మొత్తం రాళ్లు పొదిగినట్టు మెరిసింది, ఆ పాప నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకోసారి పట్టమని మూడుసార్లు అడిగింది.

రాత్రి బడి ముందు తెల్ల తెర కట్టి సుందరకాండ మొదలుపెట్టారు. హనుమంతుడి బొమ్మ దాదాపు మనిషెత్తు ఉంటుంది, తెర వెనక కాలితో చెక్క తొక్కి చప్పుడు చేస్తుంటే లంక నిజంగానే అదిరినట్టుంది. మధ్యలో ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచి, "జుట్టుపోలిగాడు యాడబ్బా, ఇంకా రాలేదే?" అని గట్టిగా కేకేసింది. జుట్టుపోలిగాడు, బంగారక్క ఆట మధ్యలో వచ్చి నవ్వించే బొమ్మలు. తెర వెనక నుంచి వెంటనే జుట్టుపోలిగాడి గొంతు, "వస్తాండా అవ్వా, బంగారక్క పోనీలేదు!" ఊరు ఊరంతా నవ్వింది. ఎన్నేళ్లకు చూస్తోందో ఆ అవ్వ, కానీ ఎవరు ఎప్పుడు రావాలో ఆమెకు అన్నీ గుర్తున్నాయి. పిల్లలు ఆమె వైపు తిరిగి చూసిన చూపు నాకు ఆట కంటే ఎక్కువ నచ్చింది.

ఇంతకుముందు ఒక బడివాళ్లతో మాట్లాడితే, మీరు సేవ చేస్తున్నారు కదా, కళాకారులకు మళ్లీ డబ్బులెందుకు అన్నారు. చాలా బాధేసింది. సేవ చేసేది మేము. మాకు వేరే ఉద్యోగాలున్నాయి కాబట్టి చేస్తున్నాం. బొమ్మలాడించే ఆ పెద్దాయనకు ఇదే పని, రాత్రంతా పద్యం పాడి గొంతు బొంగురుపోతే మర్నాడు పనికి పోయేదీ లేదు. అందుకే మేం చందాలు పోగుచేసుకుని, ఆట మొదలవ్వకముందే వాళ్ల డబ్బు వాళ్ల చేతిలో పెడుతున్నాం.

అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో పల్లె బళ్లలో పనిచేసే సార్లు, మేడమ్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, వస్తాం. రాత్రికి కరెంటు, తెర కట్టడానికి రెండు గుంజలు, ఆరుగురికి భోజనం చూస్తే చాలు. ఫ్రీగా ఆడతారా అని మాత్రం వాళ్లను అడగొద్దు.