వెలిగే స్విచ్చులు: కొనేముందు, బిగించేముందు

లోపల చిన్న దీపం ఉన్న స్విచ్చులు రెండు రకాలు. షాపులో రెంటినీ ఇండికేటర్ స్విచ్చులనే అంటారు, కానీ పని వేరు, వైరింగు వేరు. మొదటిది లైటు ఆపినప్పుడు వెలుగుతుంది. చీకట్లో గోడ తడుముకునే పని ఉండదు కాబట్టి పడగ్గదికి, మెట్లకి ఇదే సరి. రెండోది ఆన్‌లో ఉన్నప్పుడు వెలుగుతుంది. గీజరు, మోటారు, మేడమీది లైటు లాంటివి ఆపామో లేదో ఇది చెబుతుంది. మీకు ఏది కావాలో తేల్చుకున్నాకే షాపుకి వెళ్లండి.

మొదటి రకంలో దీపం, దానికి కరెంటు తగ్గించే రెసిస్టరు కలిసి, స్విచ్చికి వైర్లు బిగించే రెండు టెర్మినళ్ల మధ్య ఉంటాయి. ఆఫ్ చేస్తే కరెంటు దీపంలోంచి, అక్కణ్ణుంచి బల్బులోంచి న్యూట్రల్‌కి, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకి, చేరుతుంది. మహా అయితే ఒక మిల్లీ ఆంపియరు. రాత్రింబవళ్లు వెలిగినా ఏడాదికి 2 యూనిట్లకు అటూ ఇటూ. దీనికి న్యూట్రల్ వైరు అక్కర్లేదు.

దీపం వెలగట్లేదు కదా, కరెంటు లేదులే అనుకోవడం ఇందులో అన్నిటికంటే ప్రమాదం. బల్బు మాడినా, హోల్డరులోంచి తీసినా, న్యూట్రల్ ఎక్కడో తెగినా ఆ దీపం ఆరిపోతుంది. స్విచ్చి దగ్గర ఫేజు (కరెంటు వచ్చే వైరు) మాత్రం 230 వోల్టులతో అలాగే ఉంటుంది. ఇంకో సంగతి: స్విచ్చి ఆపి, బల్బు తీసేసిన హోల్డరులో టెస్టరు పెడితే అది వెలుగుతుంది. చిన్న కరెంటే, కానీ స్టూలు మీద ఉన్న మనిషిని ఉలిక్కిపడేలా చేసి కింద పడెయ్యగలదు. అందుకే బల్బు మార్చడానికైనా ఎంసీబీ (ఆ లైనుకి కరెంటు ఆపే మీట) దించండి.

అది దించినా సరిపోని ఇళ్లున్నాయి. తుపాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి విశాఖలో చాలామంది లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టరు మీద పెట్టుకుంటారు. మెయిన్ దించగానే ఇన్వర్టరు అందుకుని, మీరు విప్పబోయే బోర్డుకే కరెంటు ఇస్తుంది. ముందు ఇన్వర్టరు స్విచ్చి ఆపి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు కూడా తీసెయ్యండి. ఆ తర్వాతే మెయిన్. ఒక హోల్డరుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపుతో మొదట కరెంటు ఉన్నచోట చూసి, తర్వాత మీ బోర్డులో చూసి, ల్యాంపు పనిచేస్తూనే ఉందని తేలడానికి మళ్లీ ఉన్నచోట చూడండి. మెయిన్ దించాక ఇంట్లో ఉన్నచోటంటూ మిగలదు కాబట్టి, మీటరు వైపు నుంచి ఫేజు వచ్చే చోట చూడగలిగే వైర్‌మన్‌కే ఈ పని వదలడం మంచిది. బోర్డు విప్పే పని ఎలాగూ పర్మిట్ ఉన్నవాళ్లదే. పని సరిగ్గా జరుగుతోందో లేదో మీకు తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

రెండో రకానికి న్యూట్రల్ కావాలి. సాకెట్టు ఉన్న బోర్డులో అది దొరుకుతుంది, ఒట్టి లైట్ల బోర్డులో చాలాచోట్ల ఉండదు. అప్పుడు కొందరు న్యూట్రల్‌కి వెళ్లాల్సిన దీపం వైరుని ఎర్తుకి కలిపేస్తారు. దీపం వెలుగుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఎర్తు ఎక్కడైనా తెగితే, ఆ దీపంలోంచి వచ్చిన వోల్టేజీ ఫ్రిజ్జు ఒంటి మీదికి చేరుతుంది. పక్క సర్క్యూట్ న్యూట్రల్ తెచ్చి కలపడమూ తప్పే, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఊరికే పడిపోవడానికి అదొక కారణం. అదే సర్క్యూట్ న్యూట్రల్‌ని పైపులోంచి లాగించండి, లేకపోతే మొదటి రకంతో సరిపెట్టుకోండి. గీజరుకైతే 20 ఆంపియర్ల డీపీ (డబుల్ పోల్) స్విచ్చి పెట్టించండి. దానికి ఫేజూ న్యూట్రలూ రెండూ వస్తాయి కాబట్టి దీపానికి వేరే వైరే అక్కర్లేదు.

మెట్ల దగ్గర ఒకే లైటుని పైనుంచీ కిందనుంచీ వేసే టూ-వే స్విచ్చులుంటే మొదటి రకం దీపం రెండు స్విచ్చుల మధ్య నడిచే రెండు వైర్లకీ అడ్డంగా ఉండాలి. కామన్ టెర్మినల్‌కి కలిపితే ఒక స్థితిలోనే వెలుగుతుంది.

ఎల్‌ఈడీ బల్బులతో మాత్రం ఒక చికాకు ఉంది. ఆపేశాక కూడా బల్బు సన్నగా వెలుగుతుంది, లేదా కొన్ని సెకన్లకోసారి మిణుక్కుమంటుంది. దీపంలోంచి వచ్చే ఆ కాస్త కరెంటే బల్బు లోపలి కెపాసిటరుని నింపుతూ ఉంటుంది, అది నిండినప్పుడల్లా ఒక మెరుపు. బల్బు తప్పు కాదు, మార్చినా లాభం ఉండకపోవచ్చు. బల్బుకి సమాంతరంగా, సీలింగ్ రోజ్ (కప్పుకి ఉండే, బల్బు వైర్లు కలిసే డబ్బా) లోపల, 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 రకం కెపాసిటరు కట్టిస్తే ఆగిపోతుంది. మామూలు కెపాసిటరు వద్దు. ఎక్స్2 మెయిన్స్ మీదే పెట్టడానికి చేసినది.

లైట్లకి 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు చాలు. తొడుగు 8 నుంచి 10 మిల్లీమీటర్లు తీసి, పోగులన్నీ మెలితిప్పి, మడిచి టెర్మినల్లో పెట్టాలి. రాగి బయటికి కనబడకూడదు, తొడుగు మాత్రం స్క్రూ కింద నలగకూడదు. బిగించాక వైరు లాగి చూడండి. లైటు స్విచ్చి ఆపాల్సింది ఫేజునే, న్యూట్రల్‌ని ఎప్పుడూ కాదు.

విశాఖలో బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఋషికొండ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుమెక్కి పట్టు వదులుతాయి, పట్టు వదిలినచోట వేడెక్కుతుంది. అక్కడ ఇనుప బాక్సు కంటే పీవీసీ బాక్సు మేలు. సముద్రం వైపు గోడ చెమర్చేదైతే బోర్డు లోపలి గోడకి మార్చించడమే మేలు. ఆన్‌లో వెలిగే దీపం మిణుకుతుంటే లైటు వైపు కూడా చూడండి. లైటు నిలకడగా ఉంటే స్విచ్చిలోని ఆ నియాన్ దీపం ముసలిదైందంతే. లైటూ మిణుకుతుంటే, లేక ప్లేటు చేతికి వెచ్చగా తగిలితే, ఎంసీబీ, ఇన్వర్టరు రెండూ ఆపి వైర్‌మన్‌ని అదే రోజు పిలవండి.