నిమిషానికి 24 చుక్కలు

దొడ్లో నేను మూత్రానికి వెళ్ళిన చోట చీమలు బారులు తీరుతున్నాయని మొదట గమనించింది మా నాయనమ్మ. అది 1994 ఫిబ్రవరి, కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న కాలం. నరసరావుపేటకు దగ్గరలోని మా పల్లెలో నేను ఆరో తరగతి చదువుతున్నాను. నా వయసు పదకొండేళ్ళు. చీమల సంగతి నాయనమ్మ నవ్వుతూ చెప్పింది గాని, దానికొక అర్థం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. అప్పటికి మూడు వారాలుగా నేను రాత్రి నాలుగైదుసార్లు లేచి చెంబెడు నీళ్ళు తాగుతున్నాను, ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు మళ్ళీ మొదలై తెల్లవారకముందే చాప కడిగి ఆరవేసుకుంటున్నాను. అన్నం మునుపటికన్నా ఎక్కువే తింటున్నా లంగా నడుము మీద నిలవడం లేదు. ఎదిగే పిల్ల గనుక సన్నబడుతోందని అమ్మ, పెళ్ళిళ్ళలో జనం దిష్టి తగిలిందని నాయనమ్మ అనుకున్నారు.

ఒక ఆదివారం ఉదయం కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి పరుగెత్తి వచ్చినట్టుగా ఊపిరి ఎగబోస్తోంది. ఊళ్ళోని ఆర్.ఎం.పి. డాక్టరు నాడి చూసి, నీరసమని చెప్పి, రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఆయన్ను తప్పుపట్టాలని ఇప్పుడు ఈ మాట రాయడం లేదు. నీరసపడిన వాళ్ళకు గ్లూకోజు ఎక్కించమని అడిగేది మేమే, ఎక్కించకపోతే వైద్యం రాదని అనుకునేదీ మేమే. ఒక్క చుక్క మూత్రాన్ని పరీక్షించి ఉంటే దారి వేరుగా ఉండేదన్నది మాత్రం నిజం. రెండో సీసా సగమయ్యేసరికి నాకు మాట తడబడింది. నాన్న పక్కింటి వాళ్ళ జీపు మాట్లాడి, నన్ను గుంటూరులోని ఒక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు.

అక్కడ నా జబ్బును డాక్టరుకన్నా ముందు పసిగట్టింది అత్యవసర విభాగంలోని ఒక సిస్టరు. బల్ల మీద పడుకోబెట్టడానికి నా మీదకు వంగిన ఆమె మరోసారి వంగి నా ఊపిరి వాసన చూసి, "పాపకు నీళ్ళ దప్పిక ఎక్కువగా ఉందా అమ్మా? పక్క తడుపుతోందా?" అని అడిగింది. బాగా మగ్గిన పండు వాసన వస్తోందని ఆమె డాక్టరుతో అనడం నాకు లీలగా గుర్తుంది. రక్తంలో చక్కెర 540 ఉంది, మూత్రంలో కీటోన్లు నిండుగా ఉన్నాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నా శరీరపు రక్షణ వ్యవస్థే నాశనం చేసిందనీ, ఇన్సులిన్ లేక చక్కెర కణాల్లోకి వెళ్ళలేకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుందనీ, ఆ కొవ్వు నుంచి పుట్టిన కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోతే, ఆ ఆమ్లత్వాన్ని తగ్గించేందుకు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేయడానికే ఊపిరి అలా ఎగబోస్తుందనీ నేను చాలా ఏళ్ళ తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ రాత్రి మా వాళ్ళకు తెలిసింది ఒక్కటే, పదకొండేళ్ళ పిల్లకు చక్కెర జబ్బు వచ్చింది. అది ముసలివాళ్ళకు కదా వచ్చేది అని నాన్న పదేపదే అడిగారట.

తరవాతి రెండు రోజులు నా ప్రాణం నిలబడింది ఎక్కువగా నర్సుల చేతుల్లోనే. మందులు రాసింది డాక్టర్లే. కాని ఆ రాసినదాన్ని గంటగంటకూ, చుక్కచుక్కగా నడిపించింది మాత్రం వాళ్ళు. ఆ వార్డులో ఇన్సులిన్ ఎక్కించే యంత్రం లేదు. అరలీటరు సెలైన్‌లో 50 యూనిట్ల ప్లెయిన్ ఇన్సులిన్ కలిపి, చిన్న చుక్కలు పడే గొట్టం తగిలించి, చేతి గడియారం చూస్తూ సిస్టరు చుక్కలు లెక్కపెట్టింది. నా బరువు 24 కిలోలు. కిలోకు గంటకు 0.1 యూనిట్ చొప్పున నాకు గంటకు 2.4 యూనిట్లు కావాలి, అంటే ఆ సెలైన్‌లో 24 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే గొట్టంలో అది నిమిషానికి సరిగ్గా 24 చుక్కలు. బరువూ చుక్కలూ ఒకే అంకెగా తేలే ఈ లెక్క మొదట విన్నప్పుడు నాకు గారడీలా అనిపించింది.

గొట్టం నాకు తగిలించే ముందు ఆమె అందులోంచి మొదటి 50 మిల్లీలీటర్లు పళ్ళెంలోకి వదిలేసింది. డబ్బు పోసి కొన్న మందును పారబోస్తోందని అమ్మ ఉలిక్కిపడింది. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టం లోపలి గోడలకు అంటుకుపోతుంది. ముందు కొంత పోనిచ్చి గొట్టాన్ని తడపకపోతే మొదటి గంటల్లో పాపకు మందు సరిగా అందదు అని సిస్టరు చెప్పింది. ఇంత చిన్న విషయాన్ని అంత హడావిడిలో మరిచిపోని మనిషి మీద అమ్మకు గురి కుదిరింది అప్పుడే అని నా నమ్మకం.

నాకు గుర్తున్నది దాహం. నాలుక అట్టకట్టి, నీళ్ళ కోసం ఏడ్చాను. వాంతులు తగ్గేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదని చెప్పి, తడి దూదితో పెదవులు మాత్రం అద్దారు. "బిడ్డ ఎండిపోయి ఉంది గదా సిస్టరమ్మా, ఆ సెలైన్ కాస్త జోరుగా వదలండి," అని అమ్మ బతిమాలింది. మొదటి గంటలో ఎక్కించాల్సింది ఎక్కించాక, మిగిలిన లోటును దాదాపు రెండు రోజుల మీద మెల్లగా పూడ్చాలన్నది వాళ్ళ పద్ధతి. పిల్లల్లో ఈ స్థితి ప్రాణం తీసేది ఎక్కువగా మెదడు వాపు వల్ల, సెలైన్ జోరుగా వదిలితే ఆ వాపు వస్తుందని వాళ్ళ భయం. అందుకే తలవైపు మంచం కొద్దిగా ఎత్తి, గంటకొకసారి కళ్ళలో లైటు వేసి చూసి, "నీ పేరేమిటి? ఇవాళ ఏ వారం? మీ బడి పంతులు గారెవరు?" అని అడిగేవారు. మగత కమ్ముకొస్తున్న నాకు అది మహా చిరాకుగా ఉండేది. ఒకసారి కోపంతో కావాలనే జవాబు చెప్పకుండా పడుకున్నాను. ఆ సిస్టరు పరుగున వెళ్ళి డాక్టరును పిలుచుకువచ్చింది. తలనొప్పి, కొత్తగా వాంతి, నాడి నెమ్మదించడం, పలకరిస్తే పలకకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకూడదని ఆమెకు తెలుసు. నేను అలిగానని మాత్రం ఆమెకు తెలియదు. ఆ తరవాత ఆమె నా చెవి దగ్గర, "తల్లీ, నువ్వు పలకకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు," అంది. మళ్ళీ అలగలేదు.

మూత్రమంతా పళ్ళెంలో పట్టి కొలిచేవారు. మూత్రం ధారాళంగా వస్తోందని తేలాకే సెలైన్‌లో పొటాషియం కలిపారు. ఇన్సులిన్ పనిచేయడం మొదలుపెట్టగానే రక్తంలోని పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందట. తెల్లవారుజామున చక్కెర 250కి దిగింది. అప్పుడు వాళ్ళు చేసిన పనికి మా నాన్న మంచం పక్కనుంచి లేచి గొడవకు దిగారు. గ్లూకోజు సీసా తెచ్చి తగిలించారు! "ఊళ్ళో ఆ సీసాయే గదండీ పిల్లను ఇంతదాకా తెచ్చింది?" అన్నారు నాన్న. సిస్టరు విసుక్కోలేదు. చక్కెర తగ్గినా ఆమ్లం ఇంకా పోలేదు. ఆమ్లం పోవాలంటే ఇన్సులిన్ ఆపకూడదు. ఇన్సులిన్ ఆపకుండా చక్కెర మరీ పడిపోకూడదంటే గ్లూకోజు తోడు ఇవ్వాలి అని వేళ్ళు మడిచి చెప్పింది. ఊళ్ళో ఇన్సులిన్ లేకుండా ఇచ్చారు, ఇక్కడ ఇన్సులిన్‌తో కలిపి ఇస్తున్నాం అన్న ఆ ఒక్క వాక్యంతో నాన్న కూర్చున్నారు.

మూడో రోజున ఇడ్లీ తిన్నాను. మిగిలిన ఆరు రోజులూ నా వైద్యంకన్నా మా అమ్మ చదువే ఎక్కువగా సాగింది. అమ్మకు అంకెలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవాలి. సిస్టరు ఒక బత్తాయిపండు తెప్పించి, దానికి ఉత్త నీళ్ళతో సూది వేయడం నేర్పింది. పొట్ట, తొడలు, చేతులు, పిరుదులు. రోజుకొక చోటు మార్చాలి, ఒకే చోట గుచ్చితే అక్కడ కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఒంటికి పట్టదు అని చెప్పింది. పొద్దున రెండు రకాల ఇన్సులిన్ కలపాలి గనుక, నీళ్ళలా తేటగా ఉండేది ముందు, పాలలా తెల్లగా ఉండేది తరవాత తీయాలని పాటలా వల్లెవేయించింది. తెల్లమందు సీసాను కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. సిరంజి మీద సన్నని గీతలు అమ్మ కంటికి ఆనకపోవడంతో, ఎక్కడిదాకా లాగాలో అక్కడ సన్నగా కత్తిరించిన ప్లాస్టర్ ముక్క అంటించింది. డోసు మారినప్పుడల్లా ఆ ముక్క జరుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదని తెలుసుకుని, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ ముంతలో పెట్టమంది. పల్నాడు ఎండల్లో మూడు వేసవులు ఆ ముంతే మా ఫ్రిజ్.

మూత్ర పరీక్ష కూడా నేర్పింది. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం, 8 చుక్కల మూత్రం పోసి మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఆఖరికి ఇటుక రంగు వచ్చిందంటే చక్కెర నిండుగా ఉన్నట్టు. రంగులు చూడటానికి చదువు అక్కర్లేదు గనుక అమ్మ ఈ విద్యలో నన్ను మించిపోయింది. వణుకు, చెమట, ఉన్నట్టుండి ఆకలి, కారణం లేని కోపం వస్తే చక్కెర పడిపోతోందని గుర్తించి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి అని కూడా చెప్పింది. బయలుదేరే రోజున ఆమె ఇచ్చిన హెచ్చరిక ఇంకొకటి ఉంది: "కొన్ని వారాలకు పాపకు మందు చాలా తక్కువ సరిపోతుంది. జబ్బు పోయిందనుకుంటారు. మోసపోకండి. మిగిలిన కాసిని కణాలు కొన్నాళ్ళు కోలుకుంటాయి, అంతే. సూది మాత్రం ఆపొద్దు."

సరిగ్గా అలాగే జరిగింది. రోజుకు 18 యూనిట్లతో ఇంటికి వచ్చిన నాకు, మే నెలకు 6 యూనిట్లే సరిపోయాయి. పరీక్షనాళికలో రోజూ నీలమే. ఊళ్ళో అందరూ, సూది అలవాటైతే జీవితాంతం వదలదని నాన్నను భయపెట్టారు. ఈ మాట ఇవాళ్టికీ వింటూనే ఉంటాను. అన్నం అలవాటవుతుందని ఎవరూ మానరు గదా! 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా, ఈ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి తగ్గించి ఎముకల గూడుగా కొన్నాళ్ళు బతికించడం తప్ప వేరే దారి లేదు. ఆ సంగతి మాకు అప్పట్లో తెలిసి ఉంటే నాన్న పసరు మందు జోలికి పోయేవారు కారేమో. పక్క ఊరి నుంచి తెచ్చిన పసరు ఉదయం పూట తాగించి, సూది మానిపించారు. నాయనమ్మ మురిసిపోయింది. అమ్మ నోరు మెదపలేదు గాని, ఎవరికీ చెప్పకుండా వంటింట్లో కిరసనాయిలు స్టౌ మీద పరీక్ష మాత్రం మానలేదు. మూడో రోజు ఆకుపచ్చ, ఐదో రోజు నారింజ. ఆరో రోజు ఉదయం ఇటుక రంగు నాళికను పట్టుకొచ్చి, అరుగు మీద నలుగురితో మాట్లాడుతున్న నాన్న ముందు పెట్టి, ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళి నాకు సూది వేసింది. మా ఇంట్లో అమ్మ నాన్నను అడగకుండా తీసుకున్న మొదటి నిర్ణయం అదేనని నాయనమ్మ తరవాత ఎత్తిపొడిచేది. మళ్ళీ ఆసుపత్రి మెట్లు ఎక్కకుండానే గండం గడిచింది.

చుట్టాలు నా జబ్బును గుట్టుగా ఉంచమన్నారు, ఆడపిల్ల గనుక. అమ్మ కొంతవరకు విన్నది; బడిలో పంతుళ్ళకు మాత్రం తానే వెళ్ళి చెప్పింది, నా సంచిలో పంచదార పొట్లం ఎక్కడ ఉంటుందో చూపించి మరీ.

2003లో నేను గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు, నాలుగు రోజులపాటు పాత దాహం తిరిగివచ్చింది. డోసు మార్చలేదు, తిండి మార్చలేదు. ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "సిరంజి మూత ఏ రంగు?" అని. నారింజ రంగు. మందుల షాపులో ఉన్నవి ఇచ్చారు, చూడకుండా తీసుకున్నాను. మా సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి వాడాల్సింది ఎర్రమూత సిరంజి. నారింజ మూతది మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కోసం గీతలు గీసినది. దాని మీద 20 గీత దాకా లాగితే, నా ఒంట్లోకి వెళ్ళింది 8 యూనిట్లు. ఇన్నేళ్ళూ గీతలే చూశాను తప్ప, గీతకూ సీసాకూ ఉన్న సంబంధాన్ని చూడలేదు. అక్షరాలు కూడబలుక్కునే అమ్మకు అది ఆ ఆరు రోజుల్లోనే ఒంటబట్టింది. ఎర్రమూతవి మార్చుకున్నాక మూడో రోజుకు దాహం పోయింది. మిగిలిన నారింజ మూత సిరంజిలను షాపు ఆయన వెనక్కి తీసుకోనన్నాడు. అవి కొన్నేళ్ళపాటు నా పెట్టె అడుగునే పడి ఉన్నాయి.