లండన్ పట్టా, గుంటూరు కోర్టు

లండన్‌లో ఎల్‌ఎల్‌బీ చేసి వచ్చినంత మాత్రాన ఇక్కడ నల్లకోటు వేసుకోనివ్వరు. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ముందు ఆ డిగ్రీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించాలి. తర్వాత వాళ్లు పెట్టే అర్హత పరీక్ష: రాజ్యాంగం, కాంట్రాక్టులు, సివిల్, క్రిమినల్ ప్రొసీజర్, ఇంకా కొన్ని. అది గట్టెక్కాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, ఆపైన ఏఐబీఈ, అంటే లాయర్లకు పెట్టే ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్. చదువుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఇవన్నీ అయ్యేదాకా ఆగదు. ఈ టెన్షన్ సంగతి విమానం ఎక్కకముందే పిల్లలకు తెలియాలి, అందుకే రాస్తున్నా.

నేను అక్కడ చదివింది వృథా కాలేదు. ఇంజంక్షన్ (ఒక పని చేయకుండా కోర్టు ఆపే ఉత్తర్వు) పిటిషన్ వాదించేటప్పుడు అక్కడి ఈక్విటీ (న్యాయబుద్ధి మీద నడిచే సూత్రాలు) పాఠాలే అక్కరకొస్తాయి. అడంగల్ (పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు) చదవడం, లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, వరస పెట్టుకోవడం మాత్రం మా సీనియర్ గారి గుమాస్తా దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ గుమాస్తా గారంటే నాకు గురుభావం.

మొన్న ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లోంచి పాసు పుస్తకం తీసి, "గట్టు జరిపేశారమ్మా, స్టే వస్తదా?" అన్నాడు. వకాల్తా మీద వేలిముద్ర వేస్తుంటే చెయ్యి వణికింది. ఐఏ (దావా నడుస్తుండగా మధ్యంతర ఉత్తర్వు కోసం వేసే అర్జీ) మీద వాదనలు సోమవారం. అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున స్థలం చూసొచ్చే లాయర్‌ను, వేసి, సర్వేయర్‌తో పొలం కొలిపించమని అడగబోతున్నాను.