1/48 స్కేలులో మార్క్ 82 బాంబులు: ఇప్పటివరకు సాగిన పని

ప్రస్తుతం బల్ల మీద, ప్లాస్టిక్ నమూనా విమానాలకు తగిలించేందుకు అసలుదానిలో 48వ వంతు కొలతతో చేస్తున్న రెండు జట్ల బొమ్మ బాంబులు ఉన్నాయి. మొదటిది 1960ల చివరినాటి అమెరికా వైమానిక దళపు ఎఫ్-4 ఫాంటమ్ పొట్ట కింది ర్యాకుకు (బాంబులను పట్టి ఉంచే చట్రానికి) కావలసిన ఆరు మార్క్ 82లు. రెండవది 1980లనాటి అమెరికా నౌకాదళపు ఎ-6ఈ ఇంట్రూడర్ కోసం పన్నెండు. పేరుకు రెండూ ఒకే 500 పౌండ్ల బాంబు, ప్లాస్టిక్ భాగాలు కూడా ఒకే అచ్చులోనివి. అయినా ఒక విమానానికి చేసినవాటిని రెండవదానికి తగిలిస్తే తెలిసినవారు చూడగానే పట్టేస్తారు. విమానం మీద దళం గుర్తులు ఎంత శ్రద్ధగా వేస్తామో, దాని కింద వేలాడే బాంబుకూ అంత శ్రద్ధ అవసరమని నా అభిప్రాయం.

ముందుగా కొలతలు సరిచూశాను. అసలు మార్క్ 82 వ్యాసం 273 మి.మీ., తోకతో కలిపి పొడవు సుమారు 2.22 మీటర్లు, అంటే 1/48లో వ్యాసం 5.7 మి.మీ., పొడవు 46 మి.మీ. ఉండాలి. ఫాంటమ్ కిట్‌తో వచ్చిన బాంబులు 6.2 మి.మీ. లావున్నాయి. అర మిల్లీమీటరే కదా అనిపించవచ్చు గాని, ఈ బాంబు అందమంతా దాని సన్నదనంలోనే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధపు బాంబులు విమానం కడుపులో దాగి ప్రయాణించేవి కనుక పొట్టిగా, లావుగా, పెట్టె ఆకారపు తోకలతో ఉన్నా నడిచింది. జెట్ విమానాలు వాటిని రెక్కల కింద బయట మోయవలసి రావడంతో గాలి నిరోధం పెద్ద సమస్యగా మారింది. డగ్లస్ సంస్థలో ఎడ్ హైన్‌మన్ బృందం 1940లలో రూపొందించిన సన్నని ఆకృతే మార్క్ 81 నుంచి మార్క్ 84 వరకు మొత్తం వరుసకు మూలం. అందువల్ల కిట్ బాంబులను పక్కనపెట్టి, విడిగా దొరికే ఆయుధాల సెట్టులోని భాగాలను వాడుతున్నాను.

అతుకు గీత తీయడం విసుగు పుట్టించే పనే గాని, దానికొక తేలిక మార్గం ఉంది. తోక రెక్కలు అంటించక ముందే రెండు సగాలను జోడించి, జిగురు పూర్తిగా గట్టిపడనిచ్చి, వెనుక భాగం మధ్యలో రంధ్రం చేసి 2 మి.మీ. ఇత్తడి కడ్డీని బిగించాలి. ఆ కడ్డీని చేతి డ్రిల్లుకు పట్టించి, అతి తక్కువ వేగంతో తిప్పుతూ, తడిపిన 600 నంబరు ఉప్పు కాగితాన్ని, తర్వాత 1000 నంబరును వేళ్లతో తేలికగా ఆనించాలి. చేత్తో ఒకేచోట రుద్దితే అతుకు పోతుంది గాని గుండ్రదనం కూడా పోతుంది. ఈ పద్ధతిలో ఒళ్లంతా సమానంగా అరుగుతుంది. వేగం పెంచితే ప్లాస్టిక్ వేడెక్కి జిగటగా మారుతుంది కనుక తొందర పనికిరాదు.

ఫాంటమ్ జట్టుకు తోక రెక్కలు మార్చాను. అచ్చులో వచ్చినవి 0.8 మి.మీ. మందం ఉన్నాయి, 48తో గుణిస్తే 38 మి.మీ. అవుతుంది, అసలువి పలుచని ఉక్కు రేకులు. 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటు నుంచి కోసి, అంచులు కాస్త గీకి అంటించాను. బాంబును ర్యాకుకు వేలాడదీసే లగ్‌లు (ఒంటి మీది లోహపు కొక్కేలు) పైకి ఉన్నప్పుడు వెనుక నుంచి చూస్తే రెక్కలు గుణకారం గుర్తులా కనబడాలి. ర్యాకు పక్క స్థానాల్లో బాంబు ఒరిగి ఉంటుంది కనుక అక్కడ రెక్కలు కూడా దానితోపాటే ఒరుగుతాయి. నేలను బట్టి కాక లగ్‌లను బట్టి చూసుకోవాలి. 1000 పౌండ్ల వరకు లగ్‌ల మధ్య దూరం 14 అంగుళాలు, అంటే ఈ స్కేలులో 7.4 మి.మీ.; 2000 పౌండ్ల మార్క్ 84కు 30 అంగుళాలు, అంటే దాదాపు 15.9 మి.మీ.

ఈ ఆరింటిలో ముందు వరుస మూడింటికి ముక్కున పొడవైన ఫ్యూజు (బాంబును పేల్చే పరికరం) గొట్టాలు పెట్టాను. బాంబు నేలలో దిగబడక ముందే పేలడానికి వియత్నాం యుద్ధకాలంలో వాడిన ఈ గొట్టాల పొడవు మూడడుగులు, 1 మి.మీ. ఇత్తడి గొట్టాన్ని 19 మి.మీ. చొప్పున కోస్తే సరిపోయింది. వెనుక వరుసకు పెడితే ముందున్న బాంబు తోకలకు మరీ దగ్గరవుతాయి కనుక అక్కడ మామూలు ఫ్యూజులనే ఉంచాను.

రంగు విషయంలో పసుపు పట్టీయే అసలు పరీక్ష. లోపల శక్తిమంతమైన పేలుడు పదార్థం ఉందని తెలిపే గుర్తు అది. సాధన కోసం వాడే ఉత్తుత్తి బాంబులకు నీలం రంగు ఉంటుంది. ఆకుపచ్చ మీద పసుపు ఎన్ని పూతలు వేసినా మురికిగానే కనబడుతుంది కనుక, తెల్ల ప్రైమర్ మీద ముక్కు భాగానికి ముందే పసుపు వేసి, పట్టీ ఉండవలసిన చోట టేపు చుట్టి, ఆ పైన ఎఫ్‌ఎస్ 34087 (అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలోని నంబరు) ఆలివ్ ఆకుపచ్చను ఎయిర్‌బ్రష్‌తో వేశాను. ముక్కు వంపు మీద మామూలు కాగితపు టేపు ఒక అంచున ముడతలు పడి రంగును లోపలికి పీలుస్తుంది. సాగే గుణమున్న సన్నని వినైల్ టేపు అయితే వంపుతో పాటు ఒదుగుతుంది.

ఇంట్రూడర్ జట్టుకు ఇదంతా చేసినా సగం పనే. 1967 జూలై 29న టోంకిన్ గల్ఫ్‌లో ఫారెస్టల్ విమానవాహక నౌక మీద పొరపాటున దూసుకెళ్లిన ఒక జూనీ రాకెట్ వల్ల ఇంధనం అంటుకుని, ఆ మంటల్లో పాతకాలపు 1000 పౌండ్ల బాంబులు రెండు నిమిషాలలోపే పేలడం మొదలై, 134 మంది చనిపోయారు. ఆ తర్వాత నౌకాదళం తన బాంబులకు వేడిని కొంతసేపు ఆపే మందపాటి పూత వేయించింది. అందువల్ల నౌకాదళపు బాంబు ఒళ్లు గరుకుగా, రొట్టె పైపెచ్చులా ఉంటుంది. పసుపు పట్టీలు ఒకటికి బదులు రెండు ఉంటాయి. తోక రెక్కలకు మాత్రం ఈ పూత ఉండదు. గరుకు ఒంటికీ నున్నని తోకకూ మధ్య కనబడే ఆ గీతే నాకు ఈ పని మొత్తంలో నచ్చిన భాగం.

గరుకుదనం కోసం చిక్కని సర్ఫేసర్ ప్రైమర్‌ను, కుచ్చు పొట్టిగా కత్తిరించిన పాత బ్రష్‌తో రాయకుండా అద్దుతున్నాను. అది ఆరాక 1000 నంబరు కాగితంతో ఒకసారి పైపైన నిమరాలి, లేకపోతే ఈ స్కేలులో బాంబుకు మొటిమలు లేచినట్టు ఉంటుంది. పసుపు ఆ తర్వాతే. గరుకు మీద టేపు అంచు సరిగా అతుక్కోదు కనుక టేపు అంచున ముందుగా పసుపే మరోసారి పలుచగా కొట్టి, అది ఆరిన తర్వాత ఆలివ్ వేస్తున్నాను. లోపలికి పాకేది ఏదైనా ఉంటే అది పసుపే అవుతుంది.

పన్నెండింటిలో ఆరు స్నేక్‌ఐ రకం. తక్కువ ఎత్తున వేసినప్పుడు విమానం దూరంగా వెళ్లేందుకు వ్యవధి దొరకాలని, వదలగానే విచ్చుకుని బాంబు వేగాన్ని తగ్గించే నాలుగు పలకలు వీటి తోకకు ఉంటాయి. ముడుచుకున్న పలకల మధ్య సందులను సూదిమొనతో లోతు చేసి, పలుచని నల్లరంగు పారించాను. రెండు రకాలనూ ఒకే ర్యాకు మీద కలపకుండా ఆరేసి చొప్పున వేరు చేశాను.

మిగిలింది ఫ్యూజు తీగలు. ర్యాకు నుంచి బయలుదేరి, లగ్ మీదుగా ముక్కు ఫ్యూజు చిన్న పంఖా వరకు వచ్చే ఈ తీగ బాంబు విడిపోయినప్పుడు ఊడి, పంఖాను తిరగనిస్తుంది. ఫాంటమ్ జట్టుకు వేడిచేసి సాగదీసిన స్ప్రూతో (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడతో) మూడు పూర్తయ్యాయి. అది విరుగుతోంది కనుక మిగతావాటికి 0.08 మి.మీ. రాగి తీగ వాడతాను. మ్యాట్ వార్నిష్ తీగలు అమర్చాకే వేయాలి, లేకపోతే జిగురు చుక్కలు మెరుస్తాయి.