ఈరోజు నమూనా: గడ్డిలో మొలిచిన తెల్ల గొడుగు

రాత్రి కురిసిన వానకి గడ్డిలో పుట్టగొడుగులు లేచాయి, కాస్త వంపు తిరిగిన వరసలో. పెద్దది పూర్తిగా విచ్చుకుంది, మధ్యవి సగం తెరుచుకున్నాయి, చివరిది ఇంకా మొగ్గే. ఇన్ని వయసులవి ఒకేచోట దొరికితే గుర్తింపులో సగం పని అయినట్టే. ముదిరినది ఒక్కటే చేతికి వస్తే మొగ్గలో గొడుగు ఆకారం ఎలా ఉండేదో, మొప్పలు (గొడుగు కింది పలచటి రేకులు) ఏ రంగుతో మొదలయ్యాయో చెప్పలేం.

తవ్వకముందే ఫొటోలు: పక్కనుంచి ఒకటి, గొడుగు కిందనుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. నీడలో తీస్తేనే రంగు సరిగ్గా పడుతుంది. నేరుగా పడే ఎండ తెలుపును మింగేస్తుంది.

తరవాత తవ్వడం. గుర్తింపు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కాడ పట్టుకుని లాగితే మొదలు మట్టిలోనే తెగి ఉండిపోతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంగా కత్తి లోతుకు దించి, మట్టిగడ్డతో సహా పైకి లేపాలి. ప్రాణం తీసే అమానిటా ఫాలాయిడిస్ అనే పుట్టగొడుగు కాడ మొదట్లో తెల్లటి పొరసంచి ఉంటుంది. ఆ సంచి మట్టిలో మిగిలిపోతే చేతిలో ఉన్నది మామూలు పుట్టగొడుగులాగే కనిపిస్తుంది. ఈరోజు నమూనాలో సంచి లేదు, కాడ అడుగున గుండ్రటి ఉబ్బు మాత్రం ఉంది. మట్టి దులిపి, చుట్టూ తిప్పి చూశాకే ‘సంచి లేదు’ అని రాశాను. కనబడని లక్షణాన్ని కూడా రాసిపెట్టాలి. రాయకపోతే అది లేదో, అసలు చూడలేదో తరవాత తేలదు. మోసుకురావడానికి కాగితపు సంచి వాడాలి. ప్లాస్టిక్‌లో వేస్తే చెమ్మపట్టి గంటల్లోనే మెత్తబడిపోతాయి.

కొలతలు, పెద్దదానివి: గొడుగు అడ్డంగా 16 సెం.మీ., కాడ పొడవు 15, మందం పైన 1.2, ఉబ్బు దగ్గర 2.5. గొడుగు తెలుపు, నడినెత్తిన చీలని గోధుమరంగు పట్టీ, దాని చుట్టూ అదే రంగు పొలుసులు, అంచువైపు వెళ్లేకొద్దీ పలచన. ఇవి పైతొక్క చిట్లడంవల్ల వచ్చిన పొలుసులు. అమానిటాల నెత్తిమీది మచ్చల సంగతి వేరు. అవి మొగ్గను మొత్తంగా కప్పి ఉంచిన ముసుగు తాలూకు ముక్కలు, గట్టి వాన పడితే కొట్టుకుపోతాయి. కాబట్టి వాన మర్నాడు ‘మచ్చలు లేవు, అమానిటా కాదు’ అనే వాదన చెల్లదు.

నిలువునా రెండుగా కోస్తేనే మొప్పలు కాడకు అంటుకున్నాయో లేదో కచ్చితంగా తెలుస్తుంది. కిందనుంచి చూసి ఊహించడం వద్దు. ఇందులో అంటుకోలేదు, కాడకీ మొప్పలకీ మధ్య సన్నటి ఖాళీ ఉంది. మొప్పలు దట్టం. రంగు విషయమే ఆసక్తికరం: మొగ్గలో తెలుపు, సగం విచ్చినవాటిలోనూ తెలుపే, పెద్దదానిలో బూడిద కలిసిన ఆకుపచ్చ. కోసిన కండ కాడ దగ్గర మెల్లగా కాస్త ఎర్రబారింది. కోయగానే ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి చూసి రెండూ రాయాలి. ‘ఎర్రబడింది’ అని ఒక్క మాట రాస్తే చాలదు, ఎంతసేపటికో ఉండాలి.

కాడ నున్నగా ఉంది. దీన్ని పోలిన మాక్రోలెపియోటా ప్రోసెరా అనే పుట్టగొడుగు అయితే కాడమీద గోధుమరంగు అడ్డపట్టీలు పాము చర్మంలా కనిపించేవి. కాడ చుట్టూ ఉన్న ఉంగరం మందంగా, రెండంచులతో ఉంది, వేలితో తోస్తే పైకీ కిందికీ కదులుతోంది. ఈ కదలిక ప్రోసెరాలోనూ ఉంటుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. అగారికస్ (బటన్ పుట్టగొడుగుల జాతి) కాదనడానికి మొప్పలే చాలు. అగారికస్‌లలో మొప్పలు ముదిరేకొద్దీ చాక్లెట్ గోధుమరంగులోకి దిగుతాయి.

ఇంత చూశాక కూడా పేరు రాయలేదు. లేత నమూనా మొప్పలు తెల్లగా ఉన్నంత మాత్రాన సిద్ధబీజాలూ (మొప్పలనుంచి పొడిలా రాలే విత్తనాల్లాంటి కణాలు) తెల్లవని కాదు, అవి ఇంకా పండలేదంతే. ఆ పొడిని ఒక పలకమీద రాలనిచ్చి ముద్ర తీయాల్సిందే. 1821లో ఎలియాస్ ఫ్రీస్ మొప్పలున్న పుట్టగొడుగులను వర్గాలుగా విడదీసినప్పుడు ఆధారం చేసుకున్నది సిద్ధబీజాల రంగునే. వర్గీకరణ ఎంత మారినా, మైక్రోస్కోపు లేనివాళ్లకి ఇప్పటికీ అంతకన్నా నమ్మదగ్గ పరీక్ష కనపడదు నాకు.

ముదిరిన గొడుగునే తీసుకుని, కాడను మొప్పల మట్టానికి కోసి, మొప్పలు కిందికి వచ్చేలా గాజుపలకమీద పెట్టాను. కాగితం అయితే సగం తెలుపు, సగం నలుపు ఉండాలి. తెల్ల సిద్ధబీజాలు తెల్ల కాగితంమీద కనబడవు. గొడుగు నెత్తిన ఒక నీటిచుక్క వేసి, పైన గిన్నె బోర్లించాలి. గిన్నె లేకపోతే గాలికి పొడి చెదిరి ముద్ర మసకబారుతుంది. నాలుగు గంటలనుంచి పన్నెండు గంటలదాకా పట్టవచ్చు. మొగ్గ పెడితే ఏమీ రాలదు. నీరు ఓడుతున్న గొడుగు పెడితే ముద్ర బదులు మరక మిగులుతుంది. పురుగులు పట్టినదైనా అంతే.

సాయంత్రం గిన్నె తీస్తే మొప్పల గీతలన్నీ పలకమీద దిగి ఉన్నాయి. పొడిని బ్లేడుతో ఒక కుప్పగా చేసి కిటికీ దగ్గర చూశాను: బూడిద కలిసిన ఆకుపచ్చ. పలచటి ముద్రని దీపం కింద చూస్తే మురికి తెలుపని పొరబడే రంగు ఇది. మందంగా చేర్చి, పగటి వెలుగులో చూడాలి. ఆకుపచ్చ ముద్ర చాలా అరుదు. పెద్ద పొలుసుల గొడుగు, అంటని మొప్పలు, కదిలే ఉంగరంతో కలిసి ఇది కనబడితే ఇక సందేహం అక్కర్లేదు: క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. మైక్రోస్కోపులో సిద్ధబీజాలు కోలగా, మందపాటి గోడతో, ఒక కొన రంధ్రంతో కనిపించాయి. పొడవు 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య ఉండాలి, ఉన్నాయి.

విషపూరితమే. తిన్న కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ముట్టుకుంటే ఏమీ కాదు. రుచి చూసి ఉమ్మేసే పద్ధతి కొన్ని పుట్టగొడుగుల గుంపులకు పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ, పేరు తెలియని తెల్ల పుట్టగొడుగుమీద దాన్ని ప్రయోగించడం తెలివితక్కువ.

చీటీ మీద తేదీ, చోటు, గడ్డినేల, దగ్గర్లో ఉన్న చెట్లు, కొలతలు, ముద్ర రంగు సిరాతో రాశాను, పేరు మాత్రం పెన్సిలుతో. 2002లోనే మాక్రోలెపియోటా జాతిలో ఉన్న రాకోడిస్ అనే పుట్టగొడుగును తీసుకొచ్చి క్లోరోఫిల్లం జాతిలో కలిపారు, దాని ముద్ర తెలుపైనా సరే. పేర్లు మారతాయి, కొలతలు మారవు.

నిలువుగా కోసిన ముక్కలు 40 డిగ్రీల దగ్గర ఆరుతున్నాయి. వేడి బాగా పెంచితే ఆరకుండా ఉడికిపోతాయి. వంచితే పెళుసుగా విరిగేదాకా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా బిగించాలి. గొడుగు ముక్కలు విరుగుతున్నాయి గానీ కాడ అడుగు ఉబ్బు ఇంకా వంగుతోంది, దాన్ని మరోసారి అడ్డంగా చీల్చి పెట్టాను.