కూర్చుంటేనే నొప్పి

నడిస్తే ఫర్వాలేదు, పడుకుంటే హాయి, కూర్చుంటే నరకం. బ్యాంకు కౌంటర్‌లో పనిచేసే మనిషికి ఇంతకన్నా చిక్కు జబ్బు ఉండదు. తుమ్మినా దగ్గినా నడుం చివర నుంచి తొడ వెనక దాకా జివ్వున లాగేది. డిస్క్ జారి ఉంటుందని అందరూ తేల్చేశారు.

ఎమ్మారైలో డిస్కులు బాగానే ఉన్నాయి. రిపోర్టు చివర మాత్రం ఎస్2, ఎస్3 నరాల (నడుం కింద ఎముక లోంచి వచ్చే నరాల) దగ్గర టార్లోవ్ సిస్టులు, అంటే నీటి తిత్తులు, అని ఒక లైను. "ఇవి చాలామందికి ఉంటాయమ్మా, పట్టించుకోకండి" అన్నారు డాక్టరు. అబద్ధమేం కాదు. ఇవి ఉన్నట్టే తెలియకుండా బతికేసేవాళ్లే ఎక్కువ. 1938లో మాంట్రియల్‌లో టార్లోవ్ అనే డాక్టరు వీటిని గుర్తించింది కూడా శవపరీక్షల్లోనేనట. కానీ నాకు మూత్రం ఆగి ఆగి రావడం మొదలయ్యాక ఆ జవాబుతో సరిపెట్టుకోలేకపోయాను.

తర్వాత చూపించుకున్న న్యూరోసర్జన్ తొందరపడలేదు. నొప్పికి కారణం సిస్టులేనా అని ముందు నరాల పరీక్షలు, మూత్రాశయం పరీక్షలు చేయించారు. ఆపైన కాగితం మీద బొమ్మ గీశారు. నరం మొదట్లో దాని పొర ఉబ్బి, అందులో వెన్నుద్రవం నిండుతుంది. నరం పోగులు ఆ తిత్తి గోడలోనే ఉంటాయి కాబట్టి గడ్డను తీసినట్టు మొత్తం కోసి పారేయడానికి లేదు. ఎముక కొంత తొలిచి, మైక్రోస్కోపులో చూస్తూ తిత్తిని తెరిచి, ద్రవం తీసేసి, గోడను మడిచి కుడతారు. మళ్లీ నిండకుండా కొవ్వు ముక్క, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్) జిగురు పెడతారు. "పూర్తిగా తగ్గుతుందా?" అని మావారు అడిగారు. "తగ్గొచ్చు. మాటివ్వలేను" అన్నారాయన. మావారికి ఆ జవాబు నచ్చలేదు. నాకు నచ్చింది.

ఆపరేషన్ నాకు తెలియకుండానే అయిపోయింది. కష్టమంతా తర్వాతే. వెన్నుద్రవం కారకూడదని వెల్లకిలానో బోర్లానో పడుకోబెట్టారు తప్ప మొదట్లో లేవనివ్వలేదు. పక్కకు తిరగాలన్నా నడుం మెలిపడకుండా నర్సులే తిప్పాలి. ముక్కకూడదని విరేచనం మందు. ద్రవం కారుతోందేమోనని, లేస్తే తలనొప్పి వస్తోందా, కట్టు తడిసిందా అని తర్వాత కూడా పదే పదే అడిగేవారు. ఆ టెన్షన్‌లో అసలు నొప్పి సంగతే మర్చిపోయేదాన్ని. చూడ్డానికొచ్చిన పిన్ని మాత్రం "ఆపరేషన్ అయ్యాక కూడా కూర్చోలేవుటే?" అని మంచం పక్కన కుర్చీలో కూర్చునే అడిగేది.

మూత్రం ఇబ్బంది ముందుగా తగ్గింది. కాలి లాగుడు చాలా నెమ్మదిగా సర్దుకుంది. తొడ వెనక ఒకచోట తిమ్మిరి అలాగే ఉంది, అది పోకపోవచ్చన్నారు. బ్యాంకులో ఎత్తు బల్ల అడిగి వేయించుకున్నాను, సగం పని నిలబడే. సినిమాలో ఇంటర్వెల్ దాకా కూర్చోగలుగుతున్నాను. ఆ తర్వాత వెనక గోడకు ఆనుకుని చూస్తాను, టికెట్ డబ్బులు వదులుకోలేక.